రెండు చూద్దాంలు

సరేబాబే తన కొంప ముంచాడని పెట్టెలాయన ఇవాళ్టికీ అంటాడు. అడిగినవాళ్లకి చెప్తాడు, అడగనివాళ్లకి ఇంకా వివరంగా చెప్తాడు. టీకొట్టు ముందు బెంచీ మీద ఎవరు ఖాళీగా దొరికితే వాళ్ల వైపు తిరిగి, "సొంత బామ్మర్దండీ. బయటివాడు ముంచితే చేతులాడించి ఎలాగో ఒడ్డుకొస్తాం. ఇంట్లోవాడు కాళ్లు పట్టుకు లాగుతుంటే ఏం ఆడిస్తాం చెప్పండి" అని మొదలెడతాడు. ఆ కథ వినీ వినీ టీకొట్టతనికి కంఠతా వచ్చేసింది. గ్లాసులు కడుగుతూ, ఆయన అనబోయే మాట తనే ముందు అనేస్తుంటాడు.

పెట్టెలంటే అట్టపెట్టెలు. చదువు మధ్యలో ఎగ్గొట్టి, చెప్పుల దుకాణం వెనక గదిలో కత్తీ బద్దా పట్టుకుని అట్ట కోయడం నేర్చుకున్నాడాయన. మీసం మొలిచేసరికి కళ్లు మూసుకుని కోసినా మూలలు కలిసేవి. తర్వాత ఊరి చివర లారీలు మలుపు తిరిగే చోట కాస్త స్థలం కొని, రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆ స్థలం కోసం ఎంత కడుపు మాడ్చుకున్నాడో ఆయన భార్యకి బాగా తెలుసు. మాడిన కడుపుల్లో ఒకటి ఆవిడది.

షెడ్డులో కోత మిషను ఒకటి, మడత గీతలు వేసే మిషను ఒకటి, పిన్ను మిషన్లు రెండు. ఆయన గొప్పంతా పిన్నులోనే ఉంది. పెట్టె అంచు కలిపేచోట పక్క షెడ్లవాళ్లు ఐదు పిన్నులు కొడితే ఈయన ఏడు కొట్టించేవాడు. "నా పెట్టె మీద ఎక్కి నిలబడు" అని కొనేవాళ్లతో పందెం కట్టేవాడు. వాళ్లు మొహమాటపడితే చెప్పులు విప్పి తనే ఎక్కేవాడు. ఆ పొట్టతో ఆయన అట్టపెట్టె మీద నిలబడి అటూ ఇటూ ఊగుతుంటే కింద పెట్టెకేం కాకపోయినా చూసేవాడి ప్రాణం పోయేది.

సరేబాబు ఆయన భార్యకి తమ్ముడు. అసలు పేరు బళ్లో రాయించిందే తప్ప ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ఎవరేం అడిగినా ముందు "సరే" అనేవాడు, ఎలా చేయాలన్నది తర్వాత ఆలోచించేవాడు. ఒకసారి ఒకే మధ్యాహ్నం మూడిళ్లవాళ్లు భోజనానికి పిలిస్తే మూడిళ్లకీ సరే అన్నాడు. మాట తప్పకుండా మూడు చోట్లా తిన్నాడు. తర్వాత మంచం దిగడానికి చాలా రోజులు పట్టింది. అలాంటివాణ్ణి అక్క ఏడ్చి మొత్తుకుని షెడ్డులో పెట్టించింది. కొనేవాళ్ల చుట్టూ తిరగడానికి, నవ్వుతూ మాట్లాడటానికి ఒక మనిషి కావాలి కదా అంది. నిజమే, పెట్టెలాయన నవ్వితే వచ్చినవాళ్లు ధర ఇంకో రెండు మెట్లు పెరిగిందనుకునేవాళ్లు.

పెట్టెలాయనకి నోట్లో ఉన్న మాట వేరు. "చూద్దాం." కాదనాలంటే ఆయనకి మొహమాటం, అవుననాలంటే భయం. రెండిటినీ దాటేయడానికి ఆ ఒక్క మాట దొరికింది. జీతం పెంచమంటే చూద్దాం. ఫ్యాను తిరగడం లేదంటే చూద్దాం. కూతురు వేరే కాలేజీలో చదువుతానంటే చూద్దాం. అలా చూస్తూ చూస్తూ ఉండగానే ఆ పిల్ల చదువు అయిపోయింది.

షెడ్డులో కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజే మేస్త్రి ఈ మాటకి అర్థం చెప్పేవాడు. షెడ్డుకి పునాది తీసిన రోజునుంచీ ఉన్నవాడు మేస్త్రి.

"పెద్దసారు చూద్దాం అన్నారంటే లేదని అర్థం. ఎదురు చూడకు. చిన్నసారు సరే అన్నారంటే అవునని. ఆ అవును రేపటిదా, వచ్చే ఏడాదిదా అన్నది మనం చూసుకోవాలి."

నిజంగా అవసరమైన పనైతే మేస్త్రి దగ్గర ఒక దారి ఉండేది. ముందు పెద్దసారు దగ్గరికెళ్లి చూద్దాం అనిపించుకునేవాడు. తర్వాత చిన్నసారు దగ్గరికెళ్లి సరే అనిపించుకునేవాడు. ఆ పని మెల్లగా, చప్పుడు కాకుండా మొదలెట్టేవాడు. పెద్దసారు చూసి కేకలేస్తే ఆపేసేవాడు, చూసీ చూడనట్టు పోతే కానిచ్చేవాడు. ఇద్దరూ అవునన్న పనంటూ ఆ షెడ్డులో ఏదీ లేదు, ఇద్దరూ కాదన్నది కూడా ఏదీ లేదు. ఈ పద్ధతి ఎవరూ కూర్చుని పెట్టింది కాదు. కాలికి చెప్పు అరిగినట్టు అలా అరిగి కుదిరిపోయింది. దాంతోనే షెడ్డు నడిచింది, నాలుగు కుటుంబాలు తిన్నాయి.

ఆ పెట్టెలు కొనే చెప్పుల దుకాణాలు ఒక్కోటీ మూతపడుతూ వచ్చాయి. మిగిలినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ పల్చటి రంగుల పెట్టెలు ఎక్కడినుంచో తెప్పించుకోవడం మొదలెట్టాయి. చివరికి షెడ్డుని నిలబెట్టింది ఒక్క దగ్గుమందు కంపెనీ. సీసాలు పెట్టి పంపడానికి వాళ్లకి దిట్టమైన పెట్టెలు కావాలి. ఏడు పిన్నుల పెట్టె వాళ్లకి బాగా నచ్చింది.

ఒకరోజు ఆ కంపెనీలో సరుకు కొనే ఆఫీసరు సరేబాబుని పిలిచి చావు కబురు చల్లగా చెప్పాడు. వాళ్లు కొత్త మిషను పెడుతున్నారు. మందు నింపి, మూతలు పెట్టి, పెట్టెలో సర్దేసి, ఆఖర్న పెట్టెని ఒక గేటు గుండా పంపుతుంది. పొరపాటున సీసాలో ఇనప ముక్క పడిందేమోనని చూసే గేటది. ఇనుము వాసన తగిలితే చాలు, మొత్తం ఆగిపోతుంది. కాబట్టి ఇక పిన్నులు పనికిరావు. జిగురుతో అంటించిన పెట్టెలైతేనే తీసుకుంటారు.

"అంటిస్తారా?"

"సరే" అన్నాడు సరేబాబు.

ఇంటికొచ్చి బావకి చెప్పాడు. పెట్టెలాయన తింటున్న ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"సరే అన్నావా?"

"మరేమనాలి బావా? వద్దు, నీ మిషను నువ్వే ఉంచుకో అననా?"

"జిగురు మిషనంటే ఎంతో తెలుసా నీకు? అది ఎవడు కొంటాడు, మీ నాన్నా?"

"మా నాన్న పోయి పదేళ్లయింది" అంది భార్య, ఇంకో గరిటె వడ్డిస్తూ. "ఆయన్ని ఇందులోకి లాగకండి. ఒకరు నోరు తెరవరు, ఒకడు నోరు మూయడు. మీ ఇద్దర్నీ కలిపి ఒక్క మనిషిని చేసుంటే ఈపాటికి బాగుపడేవాళ్లం."

ఆవిడ విసుగ్గా అన్నదే, కానీ ఆ మాట ఇంట్లో ఉండిపోయింది.

బ్యాంకువాళ్లు అప్పిస్తామన్నారు. షెడ్డూ స్థలమూ తాకట్టు పెట్టాలన్నారు. ఇంకో షరతు కూడా పెట్టారు. చిన్న పరిశ్రమలవాళ్లకి వాళ్లు రెండ్రోజుల శిక్షణ పెడుతున్నారు, షెడ్డు నడిపేవాళ్లిద్దరూ దానికి రావాలి. దగ్గుమందు కంపెనీ చేయిజారితే మిషనూ, షెడ్డూ, స్థలమూ అన్నీ పోతాయని పెట్టెలాయనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కంపెనీ మారకుండా ఉండదు, తను మారకపోతే అది తనకోసం ఆగదు. మూడు రాత్రులు దొర్లి, నాలుగో రోజు సంతకం పెట్టాడు. ఆ షెడ్డులో చూద్దాం అనకుండా ఆయన చేసిన పని అదొక్కటే.

శిక్షణ ఒక పెద్ద హాల్లో. కుర్చీకి పక్కన మడత పలక ఉంటుంది, దాని మీద రాసుకోవాలి. పెట్టెలాయన పొట్టకీ ఆ పలకకీ పొత్తు కుదరలేదు. పలకని పైకెత్తి చేత్తో పట్టుకుని రెండ్రోజులూ అలాగే కూర్చున్నాడు. పాఠం చెప్పేవాడు కుర్రాడు, కోటు వేసుకున్నాడు.

"ఈయన ఏం వ్యాపారం చేశాట్ట?" అని పెట్టెలాయన బామ్మర్దిని గుసగుసగా అడిగాడు.

"ఇదే వ్యాపారం బావా. మనలాంటివాళ్లు ఉన్నన్నాళ్లు నష్టం రాదు."

కోటాయన బోర్డు మీద దూరదూరంగా రెండు సున్నాలు గీశాడు. ఒకదానిలో గట్టిగా పట్టుకునే యజమాని అని రాశాడు, రెండోదాంట్లో తేలిగ్గా వదిలే యజమాని అని రాశాడు. చిన్న వ్యాపారాలు ఎందుకు మునుగుతాయో తెలుసా అని అడిగాడు. మొదటివాడు మారడు, రెండోవాడు నిలబడడు. ఇద్దరూ చెరో అడుగు మధ్యకి రావాలి. కాదనే అలవాటున్నవాడు తలుపు కాస్త తెరిచి ఉంచాలి, అవుననే అలవాటున్నవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. యజమాని పనివాళ్ల నెత్తిన కూర్చోకూడదు, వాళ్లమీద వదలడం నేర్చుకోవాలి. తనకంటూ తలుపేసుకుని ఆలోచించుకునే సమయం ఉండాలి. ఇలా చెప్పుకుంటూ పోయి, రెండు సున్నాల్నీ చెరిపి, ఒకదాని మీద ఒకటి పడేట్టు మళ్లీ గీశాడు.

చెప్పొద్దూ, పెట్టెలాయనకి ఆ బొమ్మ నచ్చింది. తన సున్నా, బామ్మర్ది సున్నా. మధ్యలో ఇద్దరికీ చెందిన ముక్క. ఇంటికొచ్చే దారిలో బస్సు దిగాక సరేబాబు అన్నాడు, "బావా, నేనింక టక్కున సరే అనను. నువ్వు కూడా..."

"నేను కూడా" అన్నాడు పెట్టెలాయన.

అంతే. ఏమనాలో మాత్రం ఇద్దరూ అనుకోలేదు.

జిగురు మిషను వచ్చింది. పొడుగ్గా, పచ్చరంగులో, షెడ్డులో సగం ఆక్రమించింది. మిషను అమ్మిన కంపెనీ మనిషొకడు వచ్చి నడిపి చూపించి, నమూనాకి తెచ్చిన జిగురు అయిపోగానే వెళ్లిపోయాడు. మామూలు జిగురు దానికి పట్టదు. వేరే ఊరి డీలరు దగ్గర్నుంచి డ్రమ్ముల్లో రావాలి. ఆ డీలరు ఫోను నంబరు సరేబాబు దగ్గరుంది.

ఒక గురువారం పొద్దున కంపెనీ ఆఫీసరు నేరుగా పెట్టెలాయనకే ఫోను చేశాడు.

"సోమవారం కొత్త మిషను మొదలు. మొదటి లోడు మీదే. ఒక్క పిన్ను కనపడకూడదు. అవుతుందా?"

పాత పెట్టెలాయనైతే నీళ్లు నమిలేవాడు. ఇప్పుడు అలా కాదు. తలుపు తెరిచి ఉంచాలి. గుండె నిండా ధైర్యం తెచ్చుకుని, నవ్వు కూడా తెచ్చుకుని అన్నాడు, "చూద్దాం సార్."

"చూద్దాం అంటే అవుతుందనేగా?"

"చూద్దాం సార్, చూద్దాం. మీరు నిశ్చింతగా ఉండండి."

తన జన్మలో అంత గట్టిగా అవునని ఎవరితోనూ అనలేదు ఆయన. పక్కనే అట్ట కట్టలు లెక్కపెడుతున్న మేస్త్రి తలెత్తాడు.

"సోమవారం లోడు జిగురేనా సారూ? డ్రమ్ములు రాలేదింకా."

"చూద్దాం మేస్త్రీ" అన్నాడు పెట్టెలాయన అదే నవ్వుతో.

ఆ మాటకి అర్థం మారింది. మారిన సంగతి ప్రపంచంలో ఆయనొక్కడికే తెలుసు.

ఆ సాయంత్రమే ఇంటికెళ్లి, సోమవారం దాకా షెడ్డుకి రానని భార్యతో చెప్పాడు.

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. పనివాళ్ల నెత్తిన కూర్చోకూడదట. వదలాలిట."

"అయితే నా నెత్తిన కూర్చుంటారా మూడ్రోజులూ?"

కూర్చున్నాడు. శుక్రవారం గోడకి మేకులు కొట్టాడు. శనివారం ఆ మేకులు పీకాడు. రెండుసార్లు చొక్కా వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ విప్పి కొక్కేనికి తగిలించాడు. కోటాయన గీసిన బొమ్మ కళ్లముందు కదిలేది.

అక్కడ షెడ్డులో మేస్త్రి, పెద్దసారు చూద్దాం అన్నాక ఎప్పటిలాగే శుక్రవారం పొద్దున్నే చిన్నసారు దగ్గరికెళ్లాడు. సరేబాబు షెడ్డు మూలనున్న గాజు గదిలో తలుపేసుకుని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆలోచించుకునే సమయం అది. మేస్త్రి వేలితో అద్దం మీద కొడితే, తల తిప్పకుండా చెయ్యి చూపించాడు, ఆగమని. మేస్త్రి ఆగాడు. అలా ఆగాల్సిరావడం అదే మొదలు.

లోపలికి పిలిచాక అడిగాడు, "చిన్నసారూ, సోమవారం లోడు జిగురుతో మొదలెట్టించమంటారా? పెద్దసారు చూద్దాం అన్నారు."

సరేబాబు నాలుక మీద సరే అన్న మాట వచ్చి నిలబడింది. దాన్ని మింగాడు. ఒక్క క్షణం ఆగాలి. బావే ఫోను మాట్లాడాడు కాబట్టి, బావే ఏదో అనుకుని ఉంటాడు. అడగాలి. అడిగి చెప్పొచ్చు.

"చూద్దాం" అన్నాడు.

మేస్త్రి చెవుల్ని నమ్మలేకపోయాడు. "చూద్దామా సార్?"

"అవును. చూద్దాం." ఆ మాట నోట్లో తిరుగుతుంటే సరేబాబుకి ఎందుకో పెద్దరికం వచ్చినట్టనిపించింది. మేస్త్రి వెళ్లిన కాసేపటికి డీలరు ఫోను చేసి, నాలుగు డ్రమ్ములున్నాయి, ఇప్పుడే లారీ కదులుతోంది, ఎక్కించేయనా అని అడిగితే వాడికీ అదే చెప్పాడు. డీలరు "అయితే తర్వాతే చెప్పండి" అని, ఆ డ్రమ్ములు ఎవరికో ఎక్కించేశాడు. సరేబాబు మధ్యాహ్నం బావకి ఫోను చేశాడు. బావ మేకులు కొడుతున్నాడు, వినపడలేదు. సర్లే, బావ ఏర్పాటు బావ చేసే ఉంటాడు, లేకపోతే ఇంట్లో కూర్చుంటాడా అనుకుని, మళ్లీ చేయలేదు.

మేస్త్రి పిన్ను మిషన్ల దగ్గరికొచ్చి చెప్పాడు, "ఇద్దరూ వద్దన్నారు. ఇలా ఎప్పుడూ కాలేదు. కంపెనీతో గడువు మాట్లాడుకునుంటారు. పిన్నులే కానివ్వండి."

"మరి ఆ పచ్చది?" అంది పిన్ను మిషనామె, జిగురు మిషను వైపు గడ్డంతో చూపించి.

"అది పెద్దింటి కోడలు. ముహూర్తం కుదిరితే వంటింట్లోకొస్తుంది."

కానీ మేస్త్రి మనసులో ఏదో తొలిచింది. కొత్త మిషను మొదలవుతున్న రోజు, మొదటి లోడు. పేరు పోకూడదు. అందుకని తన సొంత బుర్రతో ఒక్క పని చేశాడు. ఏడుకి బదులు ఎనిమిది పిన్నులు కొట్టమన్నాడు.

గాజు గదిలో సరేబాబుకి టకటకలు వినపడుతూనే ఉన్నాయి. మిగిలిన చెప్పుల దుకాణం పెట్టెలనుకున్నాడు. శనివారం మధ్యాహ్నమే ఇంటికెళ్లిపోయాడు. ఆదివారం లోడు ఎక్కించారు. సోమవారం తెల్లారకముందే లారీ కదిలింది.

సోమవారం పెట్టెలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డుకొచ్చాడు. పచ్చ మిషను దగ్గరికెళ్లి చేత్తో తడిమాడు. చల్లగా ఉంది. జిగురు గొట్టం మీద ఒక్క చుక్క లేదు. ఎంత శుభ్రంగా కడిగారో అనుకున్నాడు. లోపల సంతోషపడ్డాడు కూడా. మధ్యాహ్నం భోజనాల వేళకి మలుపు దగ్గర తెలిసిన లారీ హారను మోగింది. వెళ్లిన లారీయే. లోడుతోనే వచ్చింది.

డ్రైవరు దిగలేదు. కిటికీలోంచే చెప్పాడు, "మొదటి పెట్టెకే వాళ్ల మిషను ఆగిపోయిందంట సార్. ఎర్రలైటు, సైరను, అంతా గోల. పెద్దాయనెవరో సూటేసుకొచ్చినాయన పక్కనే నిలబడున్నాడు, రిబ్బను కత్తిరించడానికి. దించుకోమంటున్నారు. దించమంటారా, ఇంకెక్కడికైనా తోలాలా?"

పెట్టెలాయన లారీ వెనక్కెళ్లి తాడు సందులోంచి చెయ్యి పెట్టాడు. వేలికి పిన్ను తగిలింది. కిందికి జరిపాడు, ఇంకోటి. అలా అన్నీ తడుముకుంటూ పోయాడు. ఎనిమిదోది తగిలినప్పుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మేస్త్రి వచ్చాడు. గాజు గదిలోంచి సరేబాబు వచ్చాడు. ముగ్గురూ లారీ నీడలో నిలబడ్డారు.

"పిన్నులెవడు కొట్టమన్నాడు?" పెట్టెలాయన గొంతు పెద్దది చేయలేదు. చేయడానికి శక్తి లేదు.

"మీరే వద్దన్నారు కదండీ, జిగురు."

"నేనా? చూద్దాం అన్నాను."

"అదేనండీ."

పెట్టెలాయన బామ్మర్దిని చూపించి మేస్త్రిని అడిగాడు. "వీడి దగ్గరికి వెళ్లలేదా నువ్వు?"

"వెళ్లాను సార్. చిన్నసారు కూడా చూద్దాం అన్నారు." మేస్త్రి గొంతులో నింద లేదు, ఏడుపే ఉంది. "ఒకరంటే నాకు దారుంది. ఇద్దరూ అంటే నేనెక్కడికి పోవాలి సారూ?"

"చూద్దాం అన్నావా?" పెట్టెలాయన సరేబాబుని అడిగాడు. "నువ్వు?"

"ఆలోచించి చెప్దామని బావా. నువ్వే కదా ఆగమన్నావు."

"నేనెక్కడన్నాన్రా, కోటుగాడన్నాడు. నలభయ్యేళ్లొచ్చాయి నీకు. ఈ నలభయ్యేళ్లలో వెయ్యి పనికిమాలిన వాటికి సరే అన్నావు. పక్కింటివాడి కుక్కని నెల్లాళ్లు పెంచడానికి సరే అన్నావు. సరే అనాల్సింది ఒక్కటొచ్చింది నీ జీవితంలో. ఆ ఒక్కదానికీ నీకు ఆలోచన కావాల్సొచ్చిందా?"

"మరి నువ్వో? నువ్వు అవునన్నావని నీకు తప్ప ఎవరికైనా తెలుసా బావా?"

టీకొట్టు దగ్గర చెప్పే కథలో ఈ ముక్క ఉండదు. బామ్మర్ది తలొంచుకుని నిలబడ్డాడని చెప్పి, అక్కడితో టీ తాగుతాడు ఆయన.

ఆ సాయంత్రం ఇద్దరూ కంపెనీకి వెళ్లారు. జిగురు డ్రమ్ములు అరువుకి ఎక్కడ దొరుకుతాయో కనుక్కున్నారు, రాత్రీ పగలూ చేసి గురువారానికి లోడు పంపిస్తామని చెప్దామని. గేటు పక్క గదిలో చాలాసేపు కూర్చోబెట్టారు. ఆఫీసరు బయటికొచ్చి నిలబడే మాట్లాడాడు. ఇంకొకళ్ల పెట్టెలు అప్పటికే లోపల దిగుతున్నాయి, అవి ఆ గదిలోంచి కనపడుతూనే ఉన్నాయి. మూలలు సరిగ్గా కలవలేదని పెట్టెలాయన అంత దూరం నుంచే పసిగట్టాడు. కానీ పిన్ను లేదు.

"మావల్ల పొరపాటే సార్" అన్నాడు సరేబాబు. "మళ్లీ ఒక్క అవకాశం..."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. మర్యాదస్తుడు. మొహమ్మీద కాదనలేడు.

"చూద్దాం" అన్నాడు.

బావా బామ్మర్దీ లేచారు. ఆ మాటకి అర్థం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత జరిగింది పెద్ద కథేం కాదు. పచ్చ మిషను నడపడానికి పని లేదు, తిరిగివ్వడానికి వీల్లేదు, అప్పు వాయిదాలు మీద పడుతూనే ఉన్నాయి. మిగిలిన చెప్పుల దుకాణం కూడా బోర్డు దించేసింది. పిన్ను మిషనామె వేరే చోట చేరింది. మేస్త్రి చివరిదాకా వచ్చేవాడు, పని లేకపోయినా. పొద్దున్నే తుడిచి, తాళం తీసి, సాయంత్రం తాళం వేసి వెళ్లేవాడు. ఒకరోజు తాళం చెవి పెట్టెలాయన చేతిలో పెట్టి, "రేపట్నుంచి ఎలా సారూ" అని అడిగాడు. పెట్టెలాయన పెదాలు అలవాటుకొద్దీ కదిలాయి. ఆ మాట బయటికి రాకుండా పళ్లు బిగబట్టాడు. మేస్త్రి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

వాయిదాలు కట్టలేకపోయేసరికి బ్యాంకువాళ్లు స్థలం తీసుకోవడానికి కొలతలకొచ్చిన రోజు ఎండ మండిపోతోంది. భార్య రాలేదు. సరేబాబు వచ్చి గోడవారన నిలబడ్డాడు. అప్పటికి ఇద్దరికీ మాటల్లేక ఆర్నెల్లయింది. కొలిచేవాళ్లు టేపు పరుస్తుంటే మెల్లగా దగ్గరికొచ్చాడు.

"బావా. వెనక వీధిలో ఒక గది అద్దెకుంది. కత్తీ బద్దా ఉంటే చాలు, చేత్తో కోసే పెట్టెలు. చిన్న చిన్నవి. బొమ్మల కొట్టువాళ్లని అడిగాను, కావాలన్నారు. నువ్వు కొయ్యి, నేను తిరుగుతాను. మొదట్లో నువ్వు చేసినట్టే. మొదలెడదామా?"

పెట్టెలాయన వాడి మొహంలోకి చూశాడు. చెమట కారుతోంది, చొక్కా కాలరు చిరిగింది. వాడు అడిగింది తప్పు మాట కాదని ఆయనకి తెలుసు. తన చేతులు ఇంకా కోయగలవు, మూలలు ఇంకా కలుస్తాయి. చూద్దాం అంటే సరిపోయేది. ఇంటికి పోయి ఆలోచించుకోవడానికి ఒక రాత్రి మిగిలేది.

"వద్దు" అన్నాడు.

ఎంత స్పష్టంగా అన్నాడంటే, టేపు పట్టుకున్నవాడు కూడా తలెత్తి చూశాడు. సరేబాబుకి అర్థమైంది. మళ్లీ అడగాల్సిన పని లేకుండా, ఇంకొకరి దగ్గరికెళ్లే దారి లేకుండా, మొదటిసారి బావ మాట పూర్తిగా అర్థమైంది.

"సరే" అని వెళ్లిపోయాడు.

కొలిచేవాళ్లు టేపు చుట్టుకుని కాగితంలో రాసుకున్నారు. పెట్టెలాయన ఎప్పుడూ ఆ స్థలాన్ని మూడొందల గజాలనే చెప్పుకునేవాడు. పెళ్లిళ్లలో అదే చెప్పాడు, కొనేవాళ్లకి అదే చెప్పాడు, ఇప్పటికీ టీకొట్టు దగ్గర అదే చెప్తాడు. కాగితంలో పడిందీ, పోయిందీ రెండొందల ఎనభై ఆరు గజాలే.